క్రమం పెరిగి బలం తరిగిన పదార్థం: ఫ్లోరినేటెడ్ పాలిమర్లపై వికిరణ ప్రభావ పరిశోధన - ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
టెఫ్లాన్ అనే వాణిజ్యనామంతో ప్రసిద్ధమైన పాలీటెట్రాఫ్లోరోఎథిలీన్ దాదాపు ఏ రసాయనానికీ లొంగదు. వికిరణానికి మాత్రం మామూలు ప్లాస్టిక్కుల కంటే ముందుగా లొంగిపోతుంది. 1950లలో శాస్త్రవేత్తలు దీనిని వికిరణం వల్ల క్షీణించే పాలిమర్ల వర్గంలో చేర్చారు. ఆ వర్గీకరణ పదార్థ స్వభావాన్ని కాక ప్రయోగ పరిస్థితులను తెలిపిందని నిరూపించడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది. ఈ కాలంలో స్ఫటికత అనే కొలమానానికి ఏయే అర్థాలు ఏర్పడ్డాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఫ్లోరినేటెడ్ పాలిమర్లు, వికిరణం, స్ఫటికత, గొలుసు విచ్ఛిత్తి, అడ్డబంధనం, హబుల్ టెలిస్కోపు.

ఉపోద్ఘాతం:
1938 ఏప్రిల్ 6న అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, డీప్‌వాటర్‌లో ఉన్న డుపాంట్ జాక్సన్ ప్రయోగశాలలో రాయ్ ప్లంకెట్, ఆయన సహాయకుడు జాక్ రెబాక్ టెట్రాఫ్లోరోఎథిలీన్ వాయువు నింపిన ఒక సిలిండరును తెరిచారు. వాయువు రాలేదు, కాని సిలిండరు బరువు తగ్గలేదు. దానిని కోసి చూస్తే లోపల తెల్లని, మైనం వంటి పొడి కనబడింది. ఈ కథను పాఠ్యపుస్తకాలు యాదృచ్ఛిక ఆవిష్కరణకు ఉదాహరణగా చెప్పి అంతటితో ఆపుతాయి. చరిత్రకారునికి పనికివచ్చే భాగం ఆ తరువాతే మొదలవుతుంది. ఏ ఆమ్లమూ కరిగించలేని ఈ పొడికి 1941లో పేటెంటు లభించేనాటికి సరైన ఉపయోగం ఏదీ స్థిరపడలేదు. ఆ ఉపయోగం అణుబాంబు కార్యక్రమం రూపంలో వచ్చింది.

టెనెసీ రాష్ట్రంలోని ఓక్ రిడ్జ్ వద్ద కె-25 కర్మాగారంలో యురేనియం ఐసోటోపులను వేరుచేయడానికి యురేనియం హెక్సాఫ్లోరైడ్ వాయువును వాడారు. ఆ వాయువు చాలా పదార్థాలను తినివేస్తుంది. దానిని తట్టుకొనే వాషర్లు, సీళ్లు, గొట్టాల లోపలి పూతలు కావలసివచ్చినప్పుడు ప్లంకెట్ పొడి అక్కరకు వచ్చింది. ఇక్కడ ఒక విషయం గమనించాలి. పాలీటెట్రాఫ్లోరోఎథిలీన్ అణుయుగంలోకి రసాయనాల నుంచి కాపాడే కవచంగా ప్రవేశించింది. ఓక్ రిడ్జ్ గొట్టాలలో దానికి ఎదురైన పరీక్ష వాయువు క్షయకారక గుణానిదే కాని, రియాక్టరు గర్భంలోని వికిరణానిది కాదు. "అణు కార్యక్రమంలో నెగ్గిన పదార్థం" అన్న కీర్తిని ఆధారం చేసుకొని అది వికిరణాన్ని కూడా తట్టుకొంటుందని ఎవరైనా భావించి ఉంటే, ఆ ఊహ ఎక్కువ కాలం నిలవలేదు.

ఈ పదార్థంతో తెలుగు నేలకూ సంబంధం ఉంది. హిందుస్థాన్ ఫ్లోరోకార్బన్స్ లిమిటెడ్ అనే ప్రభుత్వరంగ సంస్థ నాటి మెదక్ జిల్లా, నేటి సంగారెడ్డి జిల్లాకు చెందిన రుద్రారంలో 1987 నుంచి పాలీటెట్రాఫ్లోరోఎథిలీన్‌ను ఉత్పత్తి చేసింది. ఆ సంస్థ మూసివేతకు కేంద్ర మంత్రివర్గం 2020 జనవరిలో ఆమోదం తెలిపింది. ఆ కర్మాగార చరిత్ర ప్రత్యేక వ్యాసానికి తగిన విషయం కనుక ఇక్కడ ప్రస్తావనతో సరిపెట్టవలసి వస్తోంది.

స్ఫటికత - పదం, పదార్థం:
స్ఫటికం అనగానే తెలుగు పాఠకునికి స్ఫురించేది నిర్మలత్వం, పారదర్శకత. పాలిమర్ శాస్త్రంలో ఈ పదం దాదాపు వ్యతిరేక దిశలో నడుస్తుంది. పాలిమర్ అంటే వేల, లక్షల పరమాణువులు వరుసగా పేర్చిన పొడవైన గొలుసు. గొలుసులు ఒకదాని పక్కన ఒకటి క్రమంగా సర్దుకొన్న చోటు స్ఫటిక ప్రాంతం; చిక్కుపడి ఉన్న చోటు అస్ఫటిక ప్రాంతం. ఈ రెండింటి సరిహద్దుల వద్ద వెలుగు చెదిరిపోతుంది. అందువల్ల స్ఫటికత ఎక్కువగా ఉన్న ప్లాస్టిక్ పాలవలె తెల్లగా, అపారదర్శకంగా ఉంటుంది. స్ఫటికత అంటే మొత్తం పదార్థంలో క్రమబద్ధమైన భాగం ఎంత అన్న నిష్పత్తి మాత్రమే. ఈ అర్థభేదం మనసులో లేకపోతే తరువాతి చరిత్ర తలకిందులుగా కనిపిస్తుంది.

పాలీటెట్రాఫ్లోరోఎథిలీన్ గొలుసు ఆకృతిని ఎక్స్-కిరణాల ద్వారా నిర్ధారించిన ఘనత బ్రిటిష్ సంస్థ ఐ.సి.ఐ.కి చెందిన సి. డబ్ల్యు. బన్, ఇ. ఆర్. హోవెల్స్‌లది. 1954లో ప్రకటించిన వారి ఫలితాల ప్రకారం పాలీఎథిలీన్ గొలుసు సమతలంలో వంకరలు తిరుగుతూ సాగితే, ఫ్లోరిన్ ఉన్న గొలుసు మెలిక తిరుగుతుంది. హైడ్రోజన్ కంటే ఫ్లోరిన్ పరమాణువు పెద్దది కావడం దీనికి కారణం. 19 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన 13 కర్బన పరమాణువుల దూరంలో గొలుసు 180 డిగ్రీలు మెలిపడుతుంది. ఆపైన అదే మెలికకు 15 పరమాణువులు కావాలి. గది ఉష్ణోగ్రత దగ్గరే పదార్థపు అంతర్నిర్మాణం మారుతుందన్న సంగతిని 1949లోనే రిగ్బీ, బన్ గుర్తించారు.

ఈ గొలుసులు నిటారైన కడ్డీల వంటివి, చాలా పొడవైనవి. తయారైన పొడిలో స్ఫటికత 90 శాతానికి మించి ఉంటుంది. ఒకసారి 327 డిగ్రీలు దాటించి కరిగించి చల్లారిస్తే ఆ క్రమం తిరిగి రాదు. లక్షల అణుభారం గల గొలుసులు చిక్కుపడిపోయి, పూర్వస్థితికి చేరడానికి వాటికి వీలుండదు. మార్కెట్లో లభించే టెఫ్లాన్ వస్తువులో స్ఫటికత ఆ తగ్గిన స్థాయిలోనే ఉంటుంది. దాని దృఢత్వానికి మూలం కూడా ఆ చిక్కుముడులే. ఒకే గొలుసు ఒక స్ఫటికంలో మొదలై, అస్ఫటిక ప్రాంతాన్ని దాటి మరో స్ఫటికంలోకి చేరుతుంది. ఇటువంటి సంధాయక గొలుసులే సాగదీసినప్పుడు బరువు మోస్తాయి.

రెండు వర్గాలు:
రెండవ ప్రపంచ యుద్ధానంతరం రియాక్టర్లు పరిశోధకులకు అందుబాటులోకి రావడంతో, చేతికి దొరికిన ప్రతి పాలిమర్‌నూ వాటిలో పెట్టి చూసే కాలం మొదలైంది. ఓక్ రిడ్జ్‌లో సిస్మన్, బాప్ ప్లాస్టిక్కుల భౌతిక ధర్మాలను వరుసగా పరీక్షించారు. ఇంగ్లండులోని హార్వెల్‌లో ఆర్థర్ ఛార్ల్స్‌బీ, పాలీఎథిలీన్ గొలుసులు వికిరణంతో ఒకదానికొకటి అతుక్కొని వల వంటి నిర్మాణంగా మారుతాయని 1952లో ప్రకటించారు. జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో లాటన్, బ్యూకే, బాల్విట్ ఎలక్ట్రాన్ పుంజాలతో అదే దారిలో నడిచారు. 1950ల మధ్యకు ఒక విభజన స్థిరపడింది. వికిరణంతో అడ్డబంధాలు ఏర్పడి గట్టిపడేవి ఒక వర్గం. గొలుసులు తెగి క్షీణించేవి మరొక వర్గం. పాలీఎథిలీన్ మొదటి దానిలో, పాలీటెట్రాఫ్లోరోఎథిలీన్ రెండవ దానిలో చేరాయి.

ప్రయోగ ఫలితాలు చూస్తే రెండవ తీర్పులో తప్పేమీ కనబడదు. గాలిలో ఉంచి గామా కిరణాలు ప్రసరింపజేస్తే 10 కిలోగ్రేల పరిసరాల్లోనే పాలీటెట్రాఫ్లోరోఎథిలీన్ సాగే గుణాన్ని, బలాన్ని చాలావరకు కోల్పోతుంది. ఒక గ్రే అంటే కిలోగ్రాము పదార్థం గ్రహించిన ఒక జౌలు శక్తి. పాలీస్టైరీన్ వేల కిలోగ్రేలను తట్టుకొంటుంది. ఇంటిలో వాడే చవక ప్లాస్టిక్ నిలిచిన చోట, రసాయనాలన్నిటినీ జయించిన పదార్థం పొడి అయిపోయింది.

కర్బన-ఫ్లోరిన్ బంధం సేంద్రియ రసాయనంలో అత్యంత బలమైన ఏక బంధాలలో ఒకటి. దాని శక్తి మోలుకు సుమారు 485 కిలోజౌళ్లు, అంటే ఒక్క బంధానికి 5 ఎలక్ట్రాన్ వోల్టులు. ఈ బలం ఆమ్లం ముందు పనికివస్తుంది. కోబాల్ట్-60 నుంచి వెలువడే గామా కిరణాల శక్తి 11.7 లక్షలు, 13.3 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు. రెండు లక్షల రెట్లకు మించిన శక్తి ముందు ఏ రసాయన బంధమూ లెక్కలోకి రాదు. కనుక ఏది తెగింది అన్న ప్రశ్న కంటే, తెగిన తరువాత ఏమైంది అన్న ప్రశ్నే ముఖ్యం. పాలీఎథిలీన్‌లో ఊడిన హైడ్రోజన్ పరమాణువు తేలికైనది. అది తొలగిపోతే పక్క పక్క గొలుసులపై మిగిలిన ఖాళీ చేతులు కలుసుకొంటాయి. ఫ్లోరిన్ గొలుసులో ప్రధాన శృంఖలమే తునుగుతుంది. కడ్డీ వంటి ఆ కొసలు ఘనస్థితిలో కదలలేవు, మరో గొలుసును చేరలేవు. జతకలవని ఈ కొసలను స్వేచ్ఛా ప్రాతిపదికలు అంటారు. సాధారణంగా క్షణాల్లో అంతరించే ఇవి పాలీటెట్రాఫ్లోరోఎథిలీన్‌లో నెలల తరబడి నిలిచి ఉంటాయి. ఈలోగా గాలిలోని ఆక్సిజన్ లోపలికి చొరబడి వాటితో కలుస్తుంది. అప్పుడు పెరాక్సీ ప్రాతిపదికలు, వాటి నుంచి ఆమ్ల ఫ్లోరైడులు, తేమ తగిలితే కార్బాక్సిలిక్ ఆమ్లాలు ఏర్పడతాయి. తెగిన కొస తిరిగి అతికే అవకాశం దీనితో ముగుస్తుంది. శూన్యంలో వికిరణం జరిపినప్పుడు నష్టం తక్కువగా ఉండడానికి కారణం ఇదే.

తునిగిన గొలుసు, పెరిగిన స్ఫటికత:
బలం తగ్గితే నిర్మాణం చెదిరిందని అనుకోవడం సహజం. కొలతలు వేరుగా చెప్పాయి. వికిరణానికి గురైన పాలీటెట్రాఫ్లోరోఎథిలీన్ సాంద్రత పెరిగింది. దీని స్ఫటిక ప్రాంతపు సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 2.3 గ్రాములు, అస్ఫటిక ప్రాంతానిది సుమారు 2 గ్రాములు. సాంద్రత పెరిగిందంటే స్ఫటికత పెరిగిందని అర్థం. పదార్థం లోలోపల మరింత క్రమబద్ధం అవుతూ, చేతికి పెళుసుగా విరిగిపోతోంది.

చిక్కుపడిన నూలును ఊహిస్తే ఇందులోని వైరుధ్యం విడిపోతుంది. పొడవైన పోగును విడదీసి సర్దడం కష్టం. అదే పోగును చిన్న ముక్కలుగా కత్తిరిస్తే ఎవరైనా సులువుగా పక్కపక్కన పేర్చగలరు. అయితే ఆ ముక్కల వరుస బరువు మోయదు. వికిరణం అస్ఫటిక ప్రాంతంలోని సంధాయక గొలుసులను తెంచినప్పుడు, విడుదలైన పొట్టి శకలాలు దగ్గరి స్ఫటికాలలో చేరిపోతాయి. పెరిగిన క్రమమూ తగ్గిన బలమూ ఒకే సంఘటనకు రెండు ముఖాలు.

1973లో జపాన్‌కు చెందిన సువా, తకెహిసా, మచి దీనినే ఒక కొలబద్దగా మలిచారు. పాలీటెట్రాఫ్లోరోఎథిలీన్ ఏ ద్రావణిలోనూ కరగదు కనుక, ద్రావణాల ఆధారంగా అణుభారాన్ని కనుక్కొనే మామూలు పద్ధతులు దీనికి వర్తించవు. గొలుసు ఎంత పొట్టిదో చూడకుండా ఎన్నిసార్లు తెగిందో చెప్పడం ఎలా? కరిగిన పదార్థం చల్లబడి స్ఫటికీకరణ చెందేటప్పుడు వెలువడే ఉష్ణాన్ని కేలరీమీటరుతో కొలవాలని వారు ప్రతిపాదించారు. గొలుసులు పొట్టివైనకొద్దీ స్ఫటికీకరణ సులువై ఎక్కువ ఉష్ణం వెలువడుతుంది. వారి సూత్రం ప్రకారం అణుభారం ఆ ఉష్ణపు 5.16 ఘాతానికి విలోమానుపాతంలో ఉంటుంది. ఘాతం ఇంత పెద్దది కావడం వల్ల ఉష్ణం కొలతలో స్వల్ప దోషం కూడా అణుభారంలో పెద్ద దోషమవుతుంది. అయినా తరువాతి పరిశోధకులు దశాబ్దాల పాటు ఈ సూత్రం మీదే ఆధారపడ్డారు. కరగని పదార్థం దగ్గర వారికి అంతకంటే సులువైన మార్గం లేదు. స్ఫటికత పదార్థపు గుణం అన్న స్థానం నుంచి, పదార్థానికి జరిగిన నష్టాన్ని చెప్పే సాక్షి స్థానానికి మారడం ఈ చరిత్రలో ఒక మలుపు.

హబుల్ టెలిస్కోపు దుప్పటి:
1990 ఏప్రిల్‌లో ప్రయోగించిన హబుల్ అంతరిక్ష టెలిస్కోపును ఎండ, చలుల నుంచి కాపాడే పొరల దుప్పటికి పైభాగాన, వెనుకవైపు అల్యూమినియం పూత పూసిన ఎఫ్.ఇ.పి. పలుచని పొర ఉంది. ఎఫ్.ఇ.పి. అంటే టెట్రాఫ్లోరోఎథిలీన్‌ను హెక్సాఫ్లోరోప్రొపిలీన్‌తో కలిపి చేసిన సహపాలిమర్, టెఫ్లాన్ కుటుంబంలోనిదే. పొర మందం 127 మైక్రోమీటర్లు. 1997 ఫిబ్రవరిలో రెండవ మరమ్మతు యాత్రకు వెళ్లిన వ్యోమగాములకు ఆ పొర అనేక చోట్ల పగిలి, చీలి కనబడింది. ఒక చోట చీలిన ముక్క గట్టిగా చుట్టుకొనిపోయి ఉంది. దానిని భూమికి తెచ్చారు.

నాసా నియమించిన సమీక్షా బృందం, ప్రయోగశాలల పరీక్షల ఆధారంగా ఒక నిర్ధారణకు వచ్చింది. కక్ష్యలోని ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లు పొర లోతు వరకు గొలుసులను తెంచాయి. సూర్యుని అతినీలలోహిత, ఎక్స్-కిరణాలు వాటికి తోడయ్యాయి. రోజుకు సుమారు 15 సార్లు ఎండలోకి, నీడలోకి మారుతూ వ్యాకోచ సంకోచాలకు గురికావడంతో పెళుసైన పొర పగిలింది. ఆరు సంవత్సరాల పది నెలల్లో ఆ మార్పులు సుమారు 37 వేలు. చుట్టుకొన్న ముక్కలో స్ఫటికత పెరిగినట్లు సాంద్రత కొలతలు చూపాయి. మామూలుగా 50 డిగ్రీలకు మించి వేడెక్కని పొర, చుట్టుకొన్నాక వెనుకవైపు లోహం ఎండకు తిరగడంతో 200 డిగ్రీల వరకు వేడెక్కి ఉంటుందని అంచనా వేశారు. అప్పటికే తునిగి ఉన్న గొలుసులకు ఆ వేడి కదలికనిచ్చింది. కదలగలిగిన శకలాలు స్ఫటికాలుగా సర్దుకొన్నాయి. 1950లలో ప్రయోగశాల నమూనాలలో కనబడిన వైరుధ్యమే, మానవులు నిర్మించిన అతి విలువైన పరికరాలలో ఒకదాని ఒంటిమీద కనబడింది. 1999 డిసెంబరు యాత్ర నుంచి కొత్త పొరలను పైన కప్పడం మొదలుపెట్టారు.

అంతరిక్షంలో ఆక్సిజన్ అణువులు దాదాపు లేవు కనుక టెఫ్లాన్ కుటుంబం అక్కడ సురక్షితమన్న వాదానికి కొంత బలం ఉండేది. అయితే 1965లోనే లవ్‌జాయ్, బ్రో, బవర్స్ ప్రకటించిన ఒక ఫలితాన్ని దీని పక్కన పెట్టి చూడాలి. ఎఫ్.ఇ.పి.ని ఆక్సిజన్ లేకుండా, దాని గాజుస్థితి మార్పు ఉష్ణోగ్రత అయిన సుమారు 80 డిగ్రీలకు పైన ఉంచి వికిరణం జరిపితే గొలుసులు తెగడానికి బదులు అడ్డబంధాలు ఏర్పడతాయని వారు చూపారు. ఆ ఉష్ణోగ్రతకు దిగువన తెగడమే జరుగుతుంది. చీలక ముందు హబుల్ పొర వేడి 50 డిగ్రీలకు మించలేదు. ఆక్సిజన్ లేకపోవడం ఒక్కటే చాలదు, గొలుసులు కదలగలిగి ఉండాలి అన్న రెండవ షరతు ఆ పొర విషయంలో నెరవేరలేదు.

340 డిగ్రీల వద్ద:
ఎఫ్.ఇ.పి.కి 80 డిగ్రీలు సరిపోతే, పాలీటెట్రాఫ్లోరోఎథిలీన్‌కు ఎన్ని డిగ్రీలు కావాలి? 1965 ఫలితం నుంచి ఈ ప్రశ్న నేరుగా పుడుతుంది. స్పష్టమైన సమాధానం 1990లలో గాని రాలేదు. చైనాలో సున్ జియాజెన్ బృందం 1994లో, జపాన్‌లో ఒషిమా, తబతా, సెగుచి మొదలైనవారు 1995లో పాలీటెట్రాఫ్లోరోఎథిలీన్‌లో అడ్డబంధనాన్ని ప్రకటించారు. ఆక్సిజన్ లేని వాతావరణంలో, ద్రవీభవన స్థానాన్ని దాటించి సుమారు 340 డిగ్రీల వద్ద వికిరణం జరపడం అందులోని కిటుకు. కరిగిన స్థితిలో గొలుసు కొసలకు కదలిక వస్తుంది, అవి పొరుగు గొలుసును చేరుకొంటాయి. ఉష్ణోగ్రత మరీ పెంచితే వేడికే గొలుసులు విడిపోతాయి. అనుకూలమైన పరిధి చాలా ఇరుకైనది.

ఆలస్యానికి ఈ ఇరుకుదనం ఒక కారణం. వర్గీకరణ మరొక కారణమని భావించడానికి ఆధారం ఉంది. "క్షీణించే పాలిమర్" అని పేరు పెట్టిన తరువాత, ఆ పేరు పదార్థపు జన్మలక్షణంగా ఒక పుస్తకం నుంచి మరొక పుస్తకంలోకి ప్రవహించింది. గది ఉష్ణోగ్రత, గాలి అన్న షరతులు ఆ ప్రవాహంలో జారిపోయాయి. వ్యాకరణంలో ఒక ప్రత్యేక సందర్భానికి చెప్పిన సూత్రం నిత్యవిధిగా చలామణి అయినట్లే ఇదీ జరిగింది.

అడ్డబంధాలు గల పాలీటెట్రాఫ్లోరోఎథిలీన్‌లో మార్పులన్నీ ఎదురు దిశలో నడిచాయి. మోతాదు పెరిగినకొద్దీ స్ఫటికత తగ్గింది, ద్రవీభవన స్థానం దిగింది. ముడిపడిన గొలుసులు సర్దుకోలేవు. పాలవంటి తెలుపు పోయి పదార్థం పారదర్శకతకు చేరువైంది. అరుగుదలను, వికిరణాన్ని తట్టుకొనే శక్తి ఎన్నో రెట్లు పెరిగింది. స్ఫటికత తగ్గిన కొద్దీ "స్ఫటికంలా" కనబడడం తెలుగు పదానికి మాత్రమే తోచగల చమత్కారం. సువా సూత్రం ఇటువంటి నమూనాకు వర్తించదు. స్ఫటికీకరణ ఉష్ణాన్ని ఇక్కడ శాసించేది గొలుసు పొడవు ఒక్కటే కాదు, ముడులు కూడా.

స్ఫటిక క్రమాన్ని కావాలనే చెదరగొట్టడానికి వికిరణాన్ని వాడిన సందర్భమూ ఉంది. వినిలిడిన్ ఫ్లోరైడ్, ట్రైఫ్లోరోఎథిలీన్‌ల సహపాలిమర్ విద్యుత్ క్షేత్రానికి స్పందిస్తుంది. ఎలక్ట్రాన్ పుంజం దాని స్ఫటిక దశను మార్చగలదని లవింజర్ 1985లో చూపారు. 1998లో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన జాంగ్, భారతి, జావో ఆ పాలిమర్‌లోని పెద్ద ధ్రువీకృత ప్రాంతాలను ఎలక్ట్రాన్లతో చిన్నవిగా విడగొట్టి, విద్యుత్ క్షేత్రంలో సుమారు 4 శాతం వరకు ఆకృతి మార్పును సాధించారు.

విచ్ఛిత్తి నేటికీ పరిశ్రమకు ఉపయోగపడుతోంది. టెఫ్లాన్ తుక్కును కొన్ని వందల కిలోగ్రేల మోతాదుతో పెళుసుచేసి, సన్నని పొడిగా మర ఆడించి, ముద్రణ సిరాలలో, కందెనలలో కలుపుతారు. గాలిలో వికిరణం జరిపితే తెగిన కొసలు ఆమ్లాలుగా మారడం, అలా ఏర్పడే చిన్న శకలాలలో ఎనిమిది కర్బనాల పెర్ఫ్లోరోఆక్టనోయిక్ ఆమ్లం కూడా ఉండడం ఈ పద్ధతికి చిక్కు తెచ్చింది. ప్రకృతిలో విచ్ఛిన్నం కాని ఆ ఆమ్లాన్ని 2019లో స్టాక్‌హోమ్ ఒప్పందం నిషేధ జాబితాలో చేర్చింది. ఐరోపా సమాఖ్య 2020 నిబంధనలు ఇటువంటి పొడులలో కిలోగ్రాముకు ఒక మిల్లీగ్రాము వరకే దానిని అనుమతించాయి. ఆ పరిమితిని పాటించాలంటే, 1950ల పరిశోధకులు గుర్తించి కూడా వర్గీకరణలో వదిలివేసిన ఆక్సిజన్‌ను ఉత్పత్తిదారులు మళ్లీ లెక్కలోకి తీసుకోవలసి వచ్చింది.